విడిపోయాక ఇద్దరం ఒప్పుకున్నదాన్నే కోర్టు ఆర్డర్‌గా తెచ్చుకోవడం ఎలా? మెల్‌బోర్న్‌లో ఎవరైనా చేశారా

టార్నీట్_తులసి

అందరికీ నమస్తే అండీ. కొత్త ఐడీ పెట్టుకుని రాస్తున్నా, ఏమనుకోకండి, మెల్‌బోర్న్ వెస్ట్‌లో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలుసు కదా, బుధవారం ఒకరికి చెప్తే శనివారానికి గుడి దగ్గర పలకరింపులు మొదలవుతాయి.

విషయం ఏంటంటే నేనూ మా ఆయనా విడిపోయాం. పోయిన దీపావళి అయ్యాక కొన్నాళ్ళు ఒకే ఇంట్లో వేరే గదుల్లో ఉన్నాం, మార్చిలో ఆయన పాయింట్ కుక్‌లో అద్దెకి తీసుకుని వెళ్ళిపోయారు. కొట్టడాలు తిట్టుకోడాలు ఏం లేవు, ఇంక కుదరదని ఇద్దరికీ తెలిసిపోయింది అంతే. పాపకి ఎనిమిదేళ్ళు. ఇద్దరం సిటిజన్లమే. ఇంకా డివోర్స్‌కి అప్లై చెయ్యలేదు.

మేం మాట్లాడుకున్నది ఏంటంటే టార్నీట్ ఇల్లు నాకు, దాని లోన్ కూడా ఇక నేనే కట్టుకోవాలి. మియాపూర్‌లో ఇద్దరి పేరు మీద ఫ్లాట్ ఉంది, అది ఆయనకి. సూపర్, అంటే రిటైర్మెంట్ కోసం దాచే మన పీఎఫ్ లాంటి డబ్బు, ఎవరిది వాళ్ళకే. పాప స్కూల్ రోజుల్లో నా దగ్గర, వారం విడిచి వారం శని ఆదివారాలు ఆయన దగ్గర, సెలవులు చెరి సగం.

ఇప్పుడు ఫ్రెండ్ ఒకామె కన్సెంట్ ఆర్డర్స్ తీసుకో, అంటే మీరు ఒప్పుకున్నదాన్నే కోర్టు ఆర్డర్‌గా తెచ్చుకో, లేకపోతే రేపు ఏదైనా తేడా వస్తే నీ చేతిలో ఏం ఉండదు అంటోంది. మా మావయ్యేమో అన్నీ మాట్లాడేసుకున్నారుగా ఇంక కోర్టు ఎక్కి పరువు తీసుకోవడం ఎందుకమ్మా అంటున్నారు. నాకు తెలియనివి చాలా ఉన్నాయి, దీనికి నిజంగా కోర్టుకి వెళ్ళి నిలబడాలా, ముందు డివోర్స్ రావాలా, ఇద్దరికీ చెరో లాయర్ ఉండాల్సిందేనా, ఇండియాలో ఉన్న ఫ్లాట్ గురించి ఇక్కడి కోర్టు రాస్తే అక్కడ చెల్లుతుందా, పాపని సెలవుల్లో అమ్మావాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళడానికి ప్రతిసారీ ఆయన్ని అడగాలా. తెలిసినవాళ్ళు కొంచెం చెప్పండి ప్లీజ్.


వెరిబీ_బాబాయ్

తులసి గారూ, కోర్టు అనగానే మనకి బోను, జడ్జి గారు, సుత్తి కనిపిస్తాయి కదా, ఇందులో అవేం లేవండీ. మా ఇద్దరికీ ఇదే పద్ధతిలో అయింది, నేను కోర్టు బిల్డింగ్ మొహం కూడా చూడలేదు.

ఎలా జరుగుతుందంటే అప్లికేషన్ ఫర్ కన్సెంట్ ఆర్డర్స్ అని ఒక ఫారం ఉంటుంది, ఇద్దరికీ కలిపి ఒకటే. దాంతోపాటు మీకు ఏమేం ఆర్డర్లు కావాలో పేరాలు పేరాలుగా రాసిన ఇంకో పేపర్ పెడతారు, దాన్ని మినిట్స్ అంటారు, అసలు సరుకంతా అందులోనే ఉంటుంది. రెండిటి మీదా ఇద్దరూ సంతకాలు పెట్టి కామన్‌వెల్త్ కోర్ట్స్ పోర్టల్‌లో అప్‌లోడ్ చేసి ఫీజు కట్టాలి. ఫీజు ఎప్పటికప్పుడు మారుస్తుంటారు, కోర్టు వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. తర్వాత రిజిస్ట్రార్, అంటే ఇలాంటివి చూసే కోర్టు అధికారి, తన ఆఫీసులో కూర్చుని చదివి, అంతా బాగుంది అనిపిస్తే సీల్ వేసిన ఆర్డర్లు పోర్టల్‌లోనే పెట్టేస్తారు. ఏదైనా అర్థం కాకపోతే రిక్విజిషన్ అని ప్రశ్నలు పంపిస్తారు, దానికి జవాబు ఇవ్వాలి. ఒకసారి సీల్ పడిందంటే జడ్జి వాదనలు విని ఇచ్చిన ఆర్డర్‌కి ఎంత విలువో దీనికీ అంతే.

కోర్టు పేరు ఇప్పుడు ఫెడరల్ సర్క్యూట్ అండ్ ఫ్యామిలీ కోర్ట్ ఆఫ్ ఆస్ట్రేలియా. 2021 సెప్టెంబర్‌లో రెండు కోర్టులు కలిపి ఒకటి చేశారు, గూగుల్‌లో పాత పేర్లు కనిపిస్తే కంగారు పడకండి. పెర్త్ వాళ్ళెవరైనా చదువుతుంటే మీకు వేరే ఫ్యామిలీ కోర్టు ఉంది, అక్కడి ఫారాలు చూసుకోండి.

డివోర్స్ సంగతి పూర్తిగా వేరు. డివోర్స్ అంటే పెళ్ళి అయిపోయింది అని చెప్పే కాగితం మాత్రమే, దానికి 12 నెలలు విడిగా ఉండాలి, ఒకే కప్పు కింద విడిగా ఉన్న నెలలు కూడా లెక్కలోకి వస్తాయి కానీ దానికి అఫిడవిట్ అదనంగా అడుగుతారు. ఆస్తి, పిల్లల ఆర్డర్లకి మాత్రం ఆ 12 నెలలు ఆగక్కర్లేదు, విడిపోయిన మర్నాడైనా వేసుకోవచ్చు. ఇంకోటి గుర్తు పెట్టుకోండి, డివోర్స్ ఆర్డర్ ఇచ్చిన నెలా ఒక రోజుకి ఫైనల్ అవుతుంది, అక్కడి నుంచి ఆస్తి గురించి కోర్టుకి వెళ్ళడానికి 12 నెలలే టైం. ముందు డివోర్స్ తెచ్చుకుని ఆస్తి సంగతి తర్వాత చూద్దాంలే అని మర్చిపోయినవాళ్ళని చూశా, తర్వాత కోర్టు పర్మిషన్ అడుక్కోవాల్సి వచ్చింది.

లాయర్ తప్పనిసరి కాదు. బైండింగ్ ఫైనాన్షియల్ అగ్రిమెంట్ అని ఇంకో దారి ఉంది, కోర్టుకి వెళ్ళకుండా ఆస్తి గురించి ఇద్దరూ రాసుకునే ఒప్పందం అన్నమాట, దానికైతే ఇద్దరికీ చెరో లాయర్ ఉండాల్సిందే, దాన్ని కోర్టు చూడదు కాబట్టి. ఈ దారిలో రిజిస్ట్రార్ చదువుతారు కాబట్టి ఆ నిబంధన లేదు. కానీ మినిట్స్ రాశాక సంతకం పెట్టే ముందు ఎవరికి వాళ్ళు ఒక గంట లాయర్‌కి డబ్బులు ఇచ్చి చూపించుకోండి. ఒకే లాయర్ ఇద్దరికీ సలహా ఇవ్వకూడదు, మా ఫ్రెండే కదా ఇద్దరికీ చూస్తాడులే అనుకోకండి.


ఊరిపెద్ద_1962

అమ్మా, మీ మావయ్య చెప్పిందాంట్లో తప్పేముంది. మా రోజుల్లో నలుగురు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి తెల్లకాగితం మీద రాసి సంతకాలు పెట్టిస్తే ఎవరూ మాట తప్పేవాళ్ళు కాదు. ఇద్దరూ చదువుకున్నవాళ్ళు, గొడవ లేదంటున్నారు, పాప మొహం చూసైనా మాట మీద నిలబడతారు. లాయర్లని దింపితే లేని గొడవలు వాళ్ళే పెడతారు.


దీప_లీగల్

పెద్దాయన గారూ, మీ మాట మీద గౌరవం ఉంది కానీ ఆ తెల్లకాగితంతో ఇక్కడ పని జరగదండీ. నేను ఫ్యామిలీ లా ఆఫీసులో పారాలీగల్‌ని, లాయర్ని కాదు, కాబట్టి తులసి గారూ దీన్ని సలహా అనుకోకండి, సమాచారం అనుకోండి.

పిల్లల గురించి ఇద్దరూ రాసుకుని సంతకం చేసిన కాగితాన్ని పేరెంటింగ్ ప్లాన్ అంటారు, చాలామందికి అది చాలు కూడా, కానీ ఎవరైనా పాటించకపోతే దాన్ని పట్టుకుని కోర్టు చేత అమలు చేయించలేం. ఆస్తి కాగితం అయితే ఇంకా దారుణం, రేపు ఆయనకి కొత్త సంసారం వచ్చాకనో మీ ఇంటి రేటు పెరిగాకనో ఇద్దరిలో ఎవరైనా మళ్ళీ మొదటి నుంచి అడగొచ్చు. సూపర్ అయితే కాగితం మీద ఎంత రాసుకున్నా ఫండ్ వాళ్ళు పైసా కదపరు, వాళ్ళకి కోర్టు ఆర్డర్ కావాలి, లేదా లాయర్లు సర్టిఫై చేసిన అగ్రిమెంట్ కావాలి.

ఇప్పుడు అసలు విషయం. మీరిద్దరూ ఒప్పుకున్నారు కదా అని రిజిస్ట్రార్ స్టాంప్ కొట్టి పంపించరు. ఆస్తి పంపకం న్యాయంగా ఉందా అని చూడాలి, పాప ఏర్పాట్లు పాపకి మంచివేనా అని చూడాలి, ఈ రెండూ వాళ్ళ మీద చట్టం పెట్టిన బాధ్యతలు. అందుకే ఫారంలో ప్రతి ఆస్తీ ప్రతి అప్పూ రాయమంటారు, ప్రపంచంలో ఎక్కడున్నా సరే, మియాపూర్ ఫ్లాట్, అక్కడి బ్యాంక్ డిపాజిట్లు, కారు, క్రెడిట్ కార్డులు, ఇద్దరి సూపర్. అన్నీ కలిపితే ఎవరికి ఎంత శాతం వెళ్తుందో అక్కడే తేలిపోతుంది. సగం సగం అనే రూల్ ఆస్ట్రేలియాలో లేదు, ఎవరు ఏం తెచ్చారు, ఇంటిపనీ పిల్లపనీ ఎవరు చేశారు, ముందు ముందు ఎవరికి ఎక్కువ అవసరం ఇవన్నీ చూస్తారు. మీరు రాసినదాంట్లో నాకు గుచ్చుకున్న ముక్క సూపర్ ఎవరిది వాళ్ళకే అన్నది. మీరు కొన్నేళ్ళు జాబ్ మానేశారా? ఇద్దరి సూపర్ ఎంతెంత ఉందో, ఇంటి మీద లోన్ పోను ఎంత మిగులుతుందో రౌండ్ ఫిగర్స్ చెప్తే లెక్క చూద్దాం.

ఇంకొకటి అడుగుతున్నా, తప్పుగా అనుకోకండి. మీరు ఒప్పుకున్నది మీకు నచ్చే ఒప్పుకున్నారా లేక గొడవ ఎందుకని ఒప్పుకున్నారా. ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా ఇంట్లో భయం ఉంటే, డబ్బులన్నీ ఒకరి చేతిలోనే ఉంటే, వీసా క్యాన్సిల్ చేయిస్తా అని బెదిరింపులు ఉంటే కన్సెంట్ ఫారం మీద సంతకం పెట్టకండి, ముందు 1800 737 732 కి ఫోన్ చెయ్యండి, అది 1800 రెస్పెక్ట్, రాత్రీ పగలూ ఉంటారు. ఇంగ్లీషులో మాట్లాడటం ఇబ్బందైతే 131 450 కి చేసి తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి.


లోన్‌బ్రోకర్_వెస్ట్

లోన్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. తులసి గారూ, కోర్టు ఆర్డర్ తీసుకెళ్ళి బ్యాంక్‌లో ఇస్తే లోన్ మీద నుంచి ఆయన పేరు తీసేస్తారు అనుకుంటే పొరపాటు. ఇల్లు మీకు రావాలని ఆర్డర్ చెప్తుంది, లోన్ ఎవరు కట్టగలరో బ్యాంకే చూసుకుంటుంది. మీ ఒక్కరి జీతం మీద మళ్ళీ కొత్తగా లోన్‌కి అప్లై చేసినట్టే, పార్ట్‌టైమ్ అయితే కష్టం కావచ్చు. చైల్డ్ సపోర్ట్‌ని, అంటే పాప ఖర్చులకి ఆయన ఇచ్చే డబ్బుని, కొన్ని బ్యాంకులు ఆదాయంగా లెక్కేస్తాయి, కొన్ని వెయ్యవు, కొన్ని పిల్లల వయసు చూస్తాయి.

అందుకే నేను నా క్లయింట్లకి చెప్పేది ఏంటంటే మినిట్స్ మీద సంతకం పెట్టకముందే రీఫైనాన్స్‌కి ప్రీ అప్రూవల్ తెచ్చుకోండి. ఆర్డర్‌లో కూడా ఇన్ని రోజుల్లో రీఫైనాన్స్ చేసి ఆయన్ని లోన్ నుంచి బయటికి తీసుకురావాలి, అవ్వకపోతే ఇల్లు అమ్మి మిగిలింది ఇలా పంచుకోవాలి అని రెండో దారి కూడా రాయించాలి. ఆ రెండో దారి రాయకుండా ఆర్డర్ తెచ్చుకుని, లోన్ రాక, ఇద్దరూ ఏళ్ళ తరబడి ఒకే లోన్‌లో ఇరుక్కుపోయినవాళ్ళు ఉన్నారు. ఆ భర్తకి కొత్త ఇల్లు కొనుక్కుందామంటే పాత లోన్ అడ్డం, భార్యకి అమ్ముదామంటే ఆయన సంతకం కావాలి.

మంచి మాట ఒకటి కూడా చెప్తా, విడిపోయినందువల్ల ఒకరి వాటా ఇంకొకరికి రాసిస్తే విక్టోరియాలో స్టాంప్ డ్యూటీ మినహాయింపు ఉంది, ఆస్తి బదిలీ కాగితాలు చూసే కన్వేయన్సర్ ఆ ఫారం నింపుతారు. ఎవరికైనా అద్దెకిచ్చిన ఇన్వెస్ట్‌మెంట్ ప్రాపర్టీ ఉంటే క్యాపిటల్ గెయిన్స్ ట్యాక్స్ అప్పుడే పడకుండా వాయిదా పడుతుంది, కానీ కోర్టు ఆర్డర్ లాంటి ఫార్మల్ పేపర్ ప్రకారం జరిగితేనే. ఊరికే ఇద్దరూ అనుకుని రాసిచ్చేస్తే ట్యాక్స్ ఆఫీసు ఒప్పుకోదు. మావయ్య గారికి ఈ ముక్క చెప్పండి, పరువు కన్నా డాలర్ల లెక్క తొందరగా ఎక్కుతుంది 😄


కూకట్‌పల్లి_వకీలు

నమస్కారం. ఇండియా వైపు సంగతి నేను చెప్తాను, ఇక్కడ ఎన్‌ఆర్‌ఐ మ్యాట్రిమోనియల్ కేసులు చూస్తుంటాను.

ఫ్లాట్ గురించి. ఆస్ట్రేలియా కోర్టు మీ ఇద్దరి మీద ఆర్డర్ వెయ్యగలదు, అంటే ఫలానా ఆస్తి ఆయనకి బదిలీ చెయ్యమ్మా అని మిమ్మల్ని ఆదేశించగలదు. కానీ ఆ ఆర్డర్ కాపీ పట్టుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్తే పేరు మారదు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 44ఎ సెక్షన్ కింద కొన్ని దేశాల డిక్రీలని ఇక్కడ నేరుగా అమలు చేయించుకోవచ్చు, యూకే, సింగపూర్, యూఏఈ, న్యూజిలాండ్ లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి, ఆస్ట్రేలియా లేదు. కాబట్టి మీరు రిజిస్టర్డ్ డాక్యుమెంట్ రాసివ్వాల్సిందే. రాలేకపోతే మీ నాన్నగారికో తమ్ముడికో ఈ ఒక్క పనికే పరిమితమైన పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వండి, అక్కడ ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించండి లేదా నోటరీ చేసి అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా ప్రభుత్వం వేసే ముద్ర) వేయించండి. ఆ కాగితం ఇండియాలోకి వచ్చిన 3 నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంప్ డ్యూటీ కట్టి వాలిడేట్ చేయించుకోవాలి, ఇది చాలామంది వదిలేస్తారు, తర్వాత రిజిస్ట్రేషన్ దగ్గర ఆగిపోతుంది.

ఒక ముఖ్యమైన సంగతి ఏంటంటే ఈ ట్రాన్స్‌ఫర్ డివోర్స్ ఫైనల్ కాకముందే చేసుకోండి. ఇప్పుడు మీరు చట్టప్రకారం భార్యాభర్తలు, దగ్గరి బంధువుల మధ్య గిఫ్ట్ అన్న లెక్క వస్తుంది. డివోర్స్ అయ్యాక ఆ లెక్క పోతుంది, అప్పుడు స్టాంప్ డ్యూటీ, ఇన్‌కమ్ ట్యాక్స్, విదేశీ పౌరులు ఎవరికి గిఫ్ట్ ఇవ్వొచ్చు అన్న ఫెమా (విదేశీ మారకం చట్టం) రూల్స్ అన్నీ వేరేగా చూడాల్సి వస్తుంది. ఫ్లాట్ మీద ఇక్కడి బ్యాంక్ లోన్ ఉంటే దాని ఎన్‌ఓసీ కూడా ముందే అడగండి.

డివోర్స్ ఎప్పుడు వేసినా ఇద్దరూ కలిసి జాయింట్ అప్లికేషన్ వెయ్యండి. వై. నరసింహారావు వర్సెస్ వై. వెంకటలక్ష్మి అని 1991లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది, తిరుపతిలో పెళ్ళి, అమెరికాలో భర్త ఒక్కడే తెచ్చుకున్న డివోర్స్, ఆ డివోర్స్ ఇక్కడ చెల్లదన్నారు. మన హిందూ మ్యారేజ్ యాక్ట్‌లో ఉన్న కారణం మీదే విదేశీ కోర్టు కూడా విడాకులు ఇవ్వాలని రూల్ పెట్టి, అవతలివాళ్ళు విడాకులకి ఒప్పుకుంటే మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఆస్ట్రేలియాలో కారణం ఒక్కటే, కాపురం తిరిగి అతకనంతగా విరిగిపోయింది అన్నది, అది మన యాక్ట్‌లో లేదు. కాబట్టి ఒక్కరే వేసి రెండోవాళ్ళు పలకకుండా వచ్చిన డిక్రీ అయితే రేపు ఇక్కడ రెండో పెళ్ళి దగ్గరో ఆస్తి దగ్గరో చిక్కు. ఇద్దరి సంతకాలు ఉంటే మీకు చాలా బలం. ఇంకా గట్టిగా ఉండాలనుకునేవాళ్ళు ఇక్కడ హిందూ మ్యారేజ్ యాక్ట్ 13బి సెక్షన్ కింద ఇద్దరి ఒప్పుదలతో మ్యూచువల్ డివోర్స్ కూడా వేసుకుంటారు, దానికి ఏడాది విడిగా ఉండాలి, కోర్టులో రెండుసార్లు అడగాలి, ఆ రెండు మోషన్ల మధ్య 6 నెలలు ఆగాలి, ఆ 6 నెలల్ని కోర్టు తగ్గించొచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో చెప్పారు.


టార్నీట్_తులసి

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్ అండీ. వకీలు గారూ, ఫ్లాట్ ముందే మార్చుకోవాలన్నది మాకు అస్సలు తెలీదు, ఆయనకి కూడా మెసేజ్ పెట్టా.

దీప గారూ, మీరు అడిగినదానికి నిజం చెప్పాలంటే సూపర్ సంగతి నేను ఆలోచించలేదు, అది ఎప్పుడో అరవై ఏళ్ళప్పటి డబ్బు కదా అనుకున్నా. భయం లాంటివి ఏం లేవు, ఆయన మనిషి మంచివారే. పాప పుట్టాక నాలుగేళ్ళు నేను జాబ్ మానేశా, ఇప్పటికీ వారానికి మూడు రోజులే. లెక్క ఇలా ఉంది, ఇంట్లో లోన్ పోను సుమారు 3 లక్షల డాలర్లు, ఫ్లాట్ ఇక్కడి డాలర్లలో చూస్తే 2 లక్షలు, ఆయన సూపర్ 2 లక్షల 20 వేలు, నాది 40 వేలు. కార్లు చెరొకటి, అవి వదిలెయ్యండి.


దీప_లీగల్

అయితే మొత్తం 7 లక్షల 60 వేలు. మీరు అనుకున్న ప్రకారం మీకు ఇల్లు, మీ సూపర్ కలిపి 3 లక్షల 40 వేలు, ఆయనకి ఫ్లాట్, ఆయన సూపర్ కలిపి 4 లక్షల 20 వేలు. శాతంలో మీకు 45కి కొంచెం తక్కువ, ఆయనకి 55 పైన. పాప ఎక్కువ రోజులు మీ దగ్గర, జీతం తక్కువ మీకు, జాబ్ మానేసింది మీరు, అయినా తక్కువ మీకే. ఇది చూస్తే రిజిస్ట్రార్ ఎందుకిలా అని అడిగే అవకాశం ఉంది. ఇల్లు పెద్దది కాబట్టి నాకే ఎక్కువ వచ్చింది అని మనవాళ్ళలో చాలామంది అనుకుంటారు, కాగితం మీద కూడితేనే తెలుస్తుంది.

మాటవరసకి ఆయన సూపర్‌లోంచి 60 వేలు మీ సూపర్‌కి మార్చారనుకోండి, మీకు 4 లక్షలు, ఆయనకి 3 లక్షల 60 వేలు అవుతుంది, దాదాపు 53, 47. ఇదే సరైనదని నేను అనట్లేదు, మీ ఇద్దరి పరిస్థితి చూసి చెప్పాల్సింది మీ లాయర్. సూపర్ స్ప్లిట్ అంటే చేతికి డబ్బు రాదు, ఒక ఫండ్‌లోంచి ఇంకో ఫండ్‌కి వెళ్తుంది, మీరన్నట్టు రిటైర్ అయ్యేదాకా తీసుకోలేరు, కానీ ఆయనకి కూడా ఇప్పుడు జేబులోంచి ఏం పోదు కాబట్టి ఒప్పుకోవడం తేలిక. పెట్టాలనుకుంటే మినిట్స్ డ్రాఫ్ట్‌ని కోర్టులో వెయ్యకముందే ఆయన సూపర్ ఫండ్‌కి పంపించాలి, వాళ్ళు ఒప్పుకున్నట్టు రాసివ్వాలి లేదా 28 రోజులు ఆగాలి. ఆ లెటర్ పెట్టకపోతే రిక్విజిషన్ గ్యారంటీ. ప్రతి ఫండ్‌కీ వాళ్ళు ఒప్పుకునే వాక్యాలు ఉంటాయి, ఫోన్ చేసి అడిగితే పంపిస్తారు, అవే కాపీ చెయ్యండి.

ఇప్పుడు పాప. శని ఆదివారాలు అని రాశారు, ఆర్డర్‌లో అలా ఉంటే సరిపోదు. శుక్రవారం స్కూల్ వదిలినప్పటి నుంచా శనివారం పొద్దున నుంచా, ఆదివారం సాయంత్రం దాకానా సోమవారం స్కూల్లో దింపేదాకానా, ఎవరు దింపాలి, ఎవరు తెచ్చుకోవాలి. పండగలు రాసుకోండి, టెంప్లేట్లలో క్రిస్మస్, ఈస్టర్ ఉంటాయి, ఉగాది ఉండదు. సంక్రాంతి ఎలాగూ వేసవి సెలవుల్లోనే పడుతుంది కాబట్టి ఆ సెలవుల్లో ఏ సగం ఎవరిది అని ఏడాది మార్చి ఏడాది రాస్తే ఇద్దరికీ ఒకో ఏడాది వస్తుంది. ఇండియాలో తాతయ్యా అమ్మమ్మలతో వీడియో కాల్ టైం కూడా రాసేవాళ్ళు ఉన్నారు, వేసవిలో ఇక్కడ రాత్రి ఎనిమిదంటే అక్కడ మధ్యాహ్నం రెండున్నర. ఇంటర్నెట్‌లో దొరికే పాత నమూనాల్లో ఈక్వల్ షేర్డ్ పేరెంటల్ రెస్పాన్సిబిలిటీ, అంటే పిల్లల బాధ్యత ఇద్దరికీ సమానం, అని ఉంటుంది, ఆ భావన మీద ఉన్న చట్టాన్ని 2024 మే 6 నుంచి మార్చేశారు, ఇప్పుడు పెద్ద నిర్ణయాలు ఇద్దరూ కలిసి తీసుకుంటారు అన్న భాషలో రాయాలి.

ఇండియా ప్రయాణం మాత్రం అస్సలు తేలిగ్గా తీసుకోకండి. పేరెంటింగ్ ఆర్డర్ వచ్చాక రెండోవాళ్ళ రాతపూర్వక ఒప్పుదల గానీ ఆర్డర్‌లో అనుమతి గానీ లేకుండా పాపని దేశం దాటిస్తే అది నేరం, మూడేళ్ళ దాకా జైలు. తల్లి అయినా సరే తండ్రి అయినా సరే. అందుకే మినిట్స్‌లోనే పెట్టేసుకోండి, సెలవుల్లో ఇద్దరిలో ఎవరైనా పాపని ఇండియా తీసుకెళ్ళొచ్చు, ఇన్ని వారాల ముందు చెప్పాలి, రిటర్న్ టికెట్ కాపీ, అక్కడి అడ్రస్, ఫోన్ నంబర్ ఇవ్వాలి, మొత్తం ఇన్ని రోజులు దాటకూడదు అని. పాప పాస్‌పోర్ట్ రెన్యువల్‌కి ఇద్దరూ సంతకం పెట్టాలి, ఓసీఐకి (విదేశీ పౌరులైన మనవాళ్ళకి ఇండియా ఇచ్చే కార్డు) కూడా ఇద్దరి సంతకాలు అడుగుతారు, ఆ పాస్‌పోర్ట్ ఎవరి దగ్గర ఉండాలో అది కూడా రాయండి. ఇండియా పిల్లల అపహరణ మీద ఉన్న హేగ్ ఒప్పందంలో లేదు, తీసుకెళ్ళి వెనక్కి రాకపోతే ఇక్కడి నుంచి తెప్పించడం చాలా కష్టం, అందుకే కొందరు డిపాజిట్ కట్టమని కూడా అడుగుతారు. మీ ఇద్దరి మధ్య నమ్మకం ఉంది కాబట్టి అంత దూరం వెళ్ళక్కర్లేదేమో.

చైల్డ్ సపోర్ట్ మామూలుగా ఈ ఆర్డర్లలో రాదు, సర్వీసెస్ ఆస్ట్రేలియా అనే ప్రభుత్వ సంస్థ వాళ్ళు లెక్కేస్తారు. ఇద్దరి ఆదాయాలతోపాటు పాప ఏడాదిలో ఎన్ని రాత్రులు ఎవరి దగ్గర పడుకుంటుంది అన్నది కూడా చూస్తారు, 128 రాత్రులు గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే షేర్డ్ కేర్ కింద ఫార్ములా మారుతుంది, మీరు చెప్పిన ఏర్పాటులో ఆయనకి అన్ని రావు.


ఊరిపెద్ద_1962

ఇన్ని ఉంటాయని నాకు తెలియదమ్మా. మా తమ్ముడి కూతురు బ్రిస్బేన్‌లో ఉంది, ఈ చర్చ తనకి పంపిస్తున్నా.


వెరిబీ_బాబాయ్

దీపమ్మ చెప్పాక నేను చెప్పేది ఏం లేదు, ఒక్కటి తప్ప. ఆస్తుల లిస్టులో ఏదీ దాచకండి, మీరు గానీ ఆయన గానీ. తర్వాత బయటపడితే ఆ దాచినందుకే మొత్తం ఆర్డర్‌ని రద్దు చెయ్యమని అడిగే హక్కు రెండోవాళ్ళకి వస్తుంది. ఊళ్ళో నాన్న పేరు మీద ఉన్నదే కదా, నేను కట్టిన ఈఎంఐ ఎవరికి తెలుస్తుంది లాంటివి అస్సలు వద్దు. ఇండియాలో కేసులు ఏమైనా నడుస్తుంటే అవి కూడా రాయాలి.


టార్నీట్_తులసి

నిన్న పాపని దింపడానికి వచ్చినప్పుడు ఆయనతో కూర్చుని ఈ లెక్క చూపించా. మొదట మొహం మాడ్చారు కానీ కాదనలేదు, 50 వేలు అయితే ఓకే అన్నారు, తన లాయర్‌ని అడిగి చెప్తానన్నారు. నేనూ వచ్చే వారం ఒకామెకి అపాయింట్‌మెంట్ తీసుకున్నా. రీఫైనాన్స్ ప్రీ అప్రూవల్‌కి కూడా కాగితాలు ఇచ్చా.

చివరిగా ఒకటి మిగిలింది. పెళ్ళికి మా అమ్మావాళ్ళు పెట్టిన బంగారం మా అత్తగారి పేరు మీద ఉన్న లాకర్‌లో ఉంది, హైదరాబాద్‌లో. ఆయన అది నీదే తీసుకో అంటున్నారు. మినిట్స్ నమూనాలో నగలు, ఇంటి సామాను ఎవరి దగ్గర ఉన్నవి వాళ్ళకే చెందుతాయి అని ఒక పేరా ఉంది. అది అలా ఉంచేస్తే సరిపోతుందా?


కూకట్‌పల్లి_వకీలు

ఉంచకండి. ఆ వాక్యం ప్రకారం చూస్తే మీ బంగారం మీ దగ్గర లేదు, వాళ్ళ దగ్గర ఉంది. మీరే సంతకం పెట్టి వదిలేసుకున్నట్టు రేపు వాదిస్తారు. పైగా మీ అత్తగారు ఆ కేసులో పార్టీ కాదు, ఆవిడ మీద ఆ ఆర్డర్ పనిచెయ్యదు. అది స్త్రీధనం, మీదే, కానీ అది చెప్పుకుంటూ ఇక్కడ మళ్ళీ తిరగడం ఎందుకు.

సంతకాలకి ముందే మీ అమ్మగారిని పంపించి తెప్పించుకోండి, ఆయన చేత వాళ్ళ అమ్మకి ఫోన్ చేయించండి. వస్తువు పేరు, గ్రాములు రాసి అందినట్టు ఇటువాళ్ళూ అటువాళ్ళూ సంతకం పెట్టుకోండి, ఫోటోలు తీసుకోండి. ఈలోపు కుదరకపోతే ఆ పేరాకి ముందు ఇంకో పేరా పెట్టించండి, ఫలానా నగల్ని ఫలానా తేదీలోపు భర్త తెప్పించి భార్యకి అప్పగించాలి, అప్పగించకపోతే ఇంత డబ్బు కట్టాలి అని.


దీప_లీగల్

కరెక్ట్. ఆ డబ్బు అంకె కూడా తప్పకుండా వెయ్యండి, అంకె లేకపోతే దాని విలువ ఎంతో తేల్చుకోడానికే ఇంకో అప్లికేషన్ వెయ్యాల్సి వస్తుంది.